ముప్పై ఒకటో పేజీ

కెండల్,
4 మార్చి 1990, ఆదివారం

పెదనాన్న గారికి,

నేను జిలియన్‌ని, మీ తమ్ముడు లెన్ కూతుర్ని. మీరు నన్ను చివరిసారి చూసినప్పుడు నాకు నాలుగేళ్లట. మీ టైప్‌రైటర్‌కి జామ్ పూసి చివాట్లు తిన్నానట. అమ్మ చెప్పేది. అమ్మ పోయి ఐదేళ్లయింది, మీకు తెలుసో లేదో. మీ అడ్రసు డన్లిన్ కార్ల క్లబ్బువాళ్ల పత్రికలో దొరికింది.

నాన్నకి జనవరిలో పక్షవాతం వచ్చింది. కుడి పక్క పడిపోయింది. మాట పూర్తిగా పోయింది. మనుషుల్ని గుర్తుపడతాడు, చెప్పింది అర్థమవుతుంది, కోపం మాత్రం ఎప్పటిలాగే వస్తుంది. డాక్టరు దాచకుండా చెప్పేశాడు: ఇంకొక్కసారి వస్తే ఆగడు, అది వేసవిలోపే రావచ్చు. నేను పనిచేసే చెప్పుల ఫ్యాక్టరీలో సెలవు పెట్టి వచ్చి ఇక్కడే ఉంటున్నాను.

ఇంటి వెనక కొట్టంలో మూడు చెక్కపెట్టెలు ఎప్పటినుంచో ఉన్నాయి. చిన్నప్పుడు వాటి మీద ఎక్కితే నాన్న చెంప పగలగొట్టేవాడు. పోయిన వారం మేకులు పీకి చూశాను. కారు! మీరూ నాన్నా తయారుచేసిన డన్లిన్ కారే, ఒక్క నట్టు కూడా బిగించకుండా, గ్రీజు కాగితాల్లో చుట్టినవి చుట్టినట్టే ఉన్నాయి. ఇన్నేళ్లూ ఎందుకు దాచాడో, ఎందుకు బిగించలేదో తెలీదు. దీన్ని బిగించి నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కసారి తిప్పుదామని నా ఆశ. చెప్పుల అచ్చులు కోసే చేతులు నావి, ఆ మాత్రం చెయ్యలేనా?

కానీ నాన్న పనిముట్ల సొరుగులో దొరికిన ఈ పుస్తకమేమిటి పెదనాన్నా? మొదటి పేజీ మొదటి వాక్యమే "బ్యాటరీ వైర్లు విప్పుము" అంటుంది. కారే లేదు, ఇంక విప్పేదేమిటి? తల బద్దలు కొట్టుకున్నాను.

అసలు సంగతి ఇది. మీరు ఒక్కసారి రండి. మీ ఇద్దరి మధ్యా ఏం జరిగిందో నాన్న ఏనాడూ చెప్పలేదు. ఇప్పుడు చెప్పాలన్నా చెప్పలేడు. అందుకే అడుగుతున్నాను, ఆలస్యం చెయ్యకుండా రండి.

మీ జామ్ చేతుల పిల్ల,
జిలియన్


క్రోమర్,
11 మార్చి 1990

అమ్మాయ్ జిలియన్,

జామ్ మాత్రమే కాదు, ఆ టైప్‌రైటర్‌లో 'ఇ' అక్షరం నీ వల్ల ఇప్పటికీ ఇరుక్కుంటుంది. మీ అమ్మ పోయిన సంగతి నాకెవరూ చెప్పలేదు. మావిస్ మంచి మనిషి. మీ నాన్నని భరించింది, అంతకంటే ఏం చెప్పాలి.

ముందు పుస్తకం సంగతి. ఆ రోజుల్లో తయారైన కారు కొంటే పన్ను మోపెడు. విడిభాగాలుగా కొని ఇంట్లో బిగించుకుంటే పన్ను లేదు. అయితే ఒక మెలిక: బిగించే పద్ధతి రాసిచ్చామో, అది తయారైన కారు కిందే లెక్క. విప్పే పద్ధతి రాసివ్వకూడదని మాత్రం ఏ చట్టంలోనూ లేదు. అందుకని మేం విప్పే పుస్తకం రాసిచ్చాం. కొన్నవాడు చివరి పేజీ చివరి వాక్యం దగ్గర మొదలుపెట్టి పైకి చదువుకుంటూ రావాలి. 'తీయుము' అంటే 'పెట్టుము', 'విప్పుము' అంటే 'బిగించుము'. ఈ దేశంలో మర్యాదస్థులు ప్రభుత్వాన్ని ఇలాగే మోసం చేస్తారు.

అరవై ఆరు ఫిబ్రవరిలో వారం రోజుల్లో రాశాను దాన్ని. మీ నాన్న ఒక కారు విప్పుతూ ఉంటే, స్టూలు మీద టైప్‌రైటర్ పెట్టుకుని కళ్లతో చూసింది చూసినట్టు కొట్టాను. షెడ్డులో నీళ్లు గడ్డకట్టే చలి. మొత్తం నలభై పేజీలు. తొందరపడకుండా చదివితే పిల్లాడు కూడా బిగించగలడని గొప్పలు పోయాను.

ఇక కారు గురించి. క్రోమర్ దగ్గర బురద నేలల్లో డన్లిన్ పిట్టలు పరిగెడుతుంటాయి. పుల్లల్లాంటి కాళ్లు, పిడికెడు ఒళ్లు, ఎక్కడ కావాలంటే అక్కడ మలుపు. మధ్యలో ఒక్క ఉక్కు వెన్నెముక, దాని మీద ఫైబర్ గ్లాస్ ఒళ్లు, అంతే నా కారు. ప్రతి భాగాన్నీ చేతిలోకి తీసుకుని "నువ్వెందుకున్నావు?" అని అడిగేవాణ్ణి. జవాబు చెప్పలేనిదాన్ని తీసేసేవాణ్ణి. మీ నాన్న "ఒరే అన్నయ్యా, డ్రైవర్ని కూడా తీసెయ్, ఇంకా తేలికవుతుంది" అనేవాడు. బరువు మొత్తం ఐదొందల ఇరవై కిలోలు. ముందు చక్రాల చేతులకి, అంటే చక్రాన్ని వెన్నెముకకి కలిపే కడ్డీలకి, ఒక్కోదానికి ఏడు రంధ్రాలు తొలిచి ఇంకో నాలుగు ఔన్సులు మిగిల్చాను. నాలుగు ఔన్సులంటే అరకప్పు పంచదార.

ఆ అరకప్పు పంచదార కోసమే డెనిస్‌ని చంపుకున్నాను.

మీ చిన్నాన్న గురించి నీకేం చెప్పారో నాకు తెలీదు. మీ నాన్న కంటే పన్నెండేళ్లు చిన్నవాడు. బడిలో జాగ్రఫీ చెప్పేవాడు. గోడకి మేకు కొట్టడం కూడా రాదు. అయినా అన్నల కారు నేనే స్వయంగా బిగించుకుంటానని పట్టుబట్టి, మా అమ్మ ఇంటి షెడ్డులో వేసవంతా కూర్చుని బిగించుకున్నాడు. అక్టోబరు పదిహేనున తీరం రోడ్డు మలుపులో కారు తిరగలేదు. తిన్నగా వెళ్లి చెకుముకి రాళ్ల గోడకి కొట్టుకుంది. వాడికి ఇరవై ఎనిమిదేళ్లు.

ముందు చక్రం చెయ్యి విరిగి ఉందని విచారణలో తేలింది. ముందే విరిగిందా, గోడకి తగిలి విరిగిందా చెప్పలేమన్నారు. నాకు తెలుసు. మీ నాన్న ఒక్కడే వెళ్లి ఆ తుక్కుని చూసొచ్చాడు. ఏం చూశావురా అని అడిగితే నా మొహం వంక చూశాడే గానీ నోరు మెదపలేదు. అంత్యక్రియలైన మర్నాడు పనిముట్ల పెట్టె, నిన్నూ, మావిస్‌నీ తీసుకుని వెళ్లిపోయాడు. ఒక్క మాట లేదు. ఇరవై నాలుగేళ్లుగా ఒక్క ఉత్తరం లేదు. మరుసటి ఏడాది కంపెనీ మూసేశాను.

తిట్టి ఉంటే బాగుండేది. కాబట్టి నేను రాను. చావు దగ్గర ఉన్న మనిషికి తమ్ముణ్ణి చంపినవాడి మొహం చూపించి ఏం లాభం?

కారు గురించి ఏ సందేహమున్నా రాయి. అది మాత్రం చెప్పగలను.

రోలండ్

చక్రాల చేతులు బిగించే ముందు ఆ రంధ్రాల చుట్టూ పగుళ్లున్నాయేమో భూతద్దం పెట్టి చూడు. నవ్వకు, నిజంగా చూడు.


కెండల్,
25 మార్చి 1990

పెదనాన్నా,

భూతద్దం పెట్టే చూశాను. ఒక్క పగులు కూడా లేదు. ఒక చేతిని తీసుకెళ్లి ఫ్యాక్టరీలో బలపరీక్ష మిషను నడిపే ఆయనకి చూపించాను కూడా. ఆయన పెదవి విరిచి "దీని మీద ఏనుగు కూర్చున్నా వంగదమ్మా" అన్నాడు. మీకు ఊరట కలుగుతుందని చెప్తున్నాను, వాదనకి కాదు.

వెన్నెముక నిలబెట్టాను. ఇంజను దింపడానికి పక్కింటి మిసెస్ ఆడీ కొడుకులిద్దరూ వచ్చారు. మిసెస్ ఆడీ రోజూ లోపల కూర పెట్టి కాల్చిన పై రొట్టెలు చేసుకుని వస్తుంది. ఆవిడ చేతి పిండి మీ కారు కంటే గట్టిది, మీరు రంధ్రాలు తొలవాల్సింది వాటికే. కొట్టం తలుపు తీసిపెట్టి నాన్న మంచాన్ని కిటికీ దగ్గరికి జరిపాం. రోజంతా నన్నే చూస్తుంటాడు. స్పానరు తప్పుగా పట్టుకుంటే కిటికీ అద్దం మీద ఎడమ చేత్తో టకటకా కొడతాడు. జనవరి తరవాత నాన్న ఇంత హుషారుగా ఉండటం ఇదే మొదలు.

పుస్తకంలో ఒక వింత ఉంది. ప్రతి వాక్యం పక్కనా పెన్సిలుతో చిన్న టిక్కు. చివరి పేజీ నుంచి మొదటి పేజీ దాకా ఒక్కటీ వదల్లేదు, పేజీ పేజీకి తారీకు కూడా వేసుంది. మొదటి పేజీ పైన, అంటే అన్నిటికంటే ఆఖర్న, నవ్వుతున్న బొమ్మ గీశారు. ఇది నాన్న రాత కాదు. ఎవరిది?

మీ ఉత్తరం నాన్నకి మొత్తం చదివి వినిపించాను. తప్పు చేశానేమో. రంధ్రాల సంగతి దగ్గరికొచ్చేసరికి ఏడవడం మొదలుపెట్టాడు. నాన్న ఏడవడం నేనెప్పుడూ చూడలేదు, అమ్మ పోయినప్పుడు కూడా. తల అడ్డంగా ఊపుతూనే ఉన్నాడు. "పెదనాన్నకి ఏమని రాయను నాన్నా?" అంటే ఎడమ చెయ్యి ఎత్తి రెండు వేళ్లు విడదీసి చూపించాడు. ఏమిటో అర్థం కాలేదు. రెండు రోజుల్లో రమ్మనా? ఇద్దరు అన్నదమ్ములమనా? మీ పేరెత్తినప్పుడల్లా అదే చూపిస్తున్నాడు. మీకేమైనా తెలుసా?

దయచేసి రండి.

జిలియన్


క్రోమర్,
1 ఏప్రిల్ 1990

జిలియన్,

రెండు వేళ్లు చూపించాడా? ఆ మాట నువ్వు అమాయకంగా రాశావో, మీ నాన్న రాయమంటే రాశావో తెలీదు. ఈ దేశంలో ఎవడైనా ఎవడికైనా రెండు వేళ్లు చూపిస్తే అది ఎంత బూతు తిట్టో బడి పిల్లలకి కూడా తెలుసు. నీకు ఇరవై ఎనిమిదేళ్లు, నీకు తెలీకపోవడమేమిటి?

నోరు పడిపోయినా తిట్టడం మానలేదన్నమాట. సరే, తిట్టమనే కోరుకున్నాను, తిట్టాడు. లెక్క సరిపోయింది. ఇక ఈ సంగతి ఇంతటితో వదిలెయ్యి.

ఆ టిక్కులు డెనిస్‌వి. వాడు కిరాణా చీటీకి కూడా టిక్కులు పెట్టేవాడు. చెప్పింది చెప్పినట్టు చెయ్యడమే వాడికి తెలుసు, ఒకటి ఎక్కువ లేదు, ఒకటి తక్కువ లేదు. ఆ పుస్తకం అమ్మ షెడ్డులో ఉండాలి. మీ నాన్న దగ్గరికి ఎలా వచ్చిందో, ఎందుకు దాచుకున్నాడో నాకు తెలీదు. నాకివ్వాలని కూడా అనిపించలేదు కాబోలు.

తలుపు బిగించేటప్పుడు కీలు మరలు పూర్తిగా తిప్పకు, ఫైబర్ గ్లాస్ చిట్లుతుంది. వేలితో తిప్పగలిగినంత తిప్పి ఇంకో అరచుట్టు.

రోలండ్


కెండల్,
22 ఏప్రిల్ 1990

పెదనాన్నా,

మూడు వారాలు మీ మీద అలిగి రాయలేదు. ఇప్పుడు రాస్తున్నది కూడా కోపంతోనే.

మీ రెండు వేళ్ల గోల ఒట్టి పిచ్చి గోల. నాన్న అవే రెండు వేళ్లు నాకూ చూపిస్తాడు, నర్సుకీ చూపిస్తాడు. చర్చి నుంచి చూడ్డానికొచ్చిన పాస్టరు గారికి కూడా చూపించాడు, ఆయనేమో ఆశీర్వాదమనుకుని తలవంచాడు. మిసెస్ ఆడీ రెండు బిస్కెట్లు అడుగుతున్నాడనుకుని పెడితే విసిరికొట్టాడు. ముందు బొటనవేలూ చూపుడువేలూ కలిపి దేన్నో ముందుకి తోసినట్టు చేస్తాడు, తరవాత రెండు వేళ్లు విడదీసి చెరో పక్కకీ వంచుతాడు. ఎక్కువగా నేను కారు ముందు భాగంలో పనిచేస్తున్నప్పుడు. ఉప్పు కావాలా, కత్తెర కావాలా, జుట్టు కత్తిరించాలా, అన్నీ అడిగాను. అర్థం చేసుకోలేకపోతున్నందుకు కళ్లనీళ్లు పెట్టుకుంటున్నాడు. ఆయన తిడుతున్నాడని మీకనిపించింది! ఇరవై నాలుగేళ్లుగా మీలో మీరే అన్నీ అనుకుంటూ కూర్చున్నారు. మీ పంతాలు మోయడానికి నా దగ్గర ఓపిక లేదు.

ఈస్టరు సోమవారం మళ్లీ చిన్న ఎటాక్ వచ్చింది. ఇప్పుడు మింగడం కష్టమవుతోంది. డాక్టరు ఇక నెలల్లో మాట్లాడటం లేదు.

అందుకే ఆగను. కారు అయిపోయినట్టే. వచ్చే శనివారం, ఇరవై ఎనిమిదో తారీకున నాన్నని పక్కన కూర్చోబెట్టుకుని సరస్సు రోడ్డు మీద ఒక చుట్టు తిప్పుతాను. మీరు రావాలనుకుంటే వెనక సీటు లేదు, మీరే తీసేశారు. కానీ గుమ్మంలో నిలబడి చూడొచ్చు.

జిలియన్

అడగడం మర్చిపోయాను. స్టీరింగు భాగం పోయిన నెలే బిగించాను, ముప్పై ఒకటో పేజీ; నిన్న బిగింపులన్నీ మళ్లీ చూస్తుంటే ఒకటి కనిపించింది. స్టీరింగు కడ్డీ చివర బోల్టుకి అడ్డంగా సన్నటి రంధ్రం ఉంది. దాని మీద నట్టుకి కిరీటంలా గాట్లున్నాయి. ఆ రంధ్రంలో ఏదో దూర్చాలనిపిస్తుంది, కానీ పుస్తకంలో ఏమీ లేదు. చిన్నాన్న కూడా ఆ పేజీ అంతా టిక్కులు పెట్టేశాడు కాబట్టి ఏమీ అక్కర్లేదనే అనుకుంటున్నాను. బరువు తగ్గించడానికి మీరు తొలిచిన రంధ్రాల్లో అదొకటా?


క్రోమర్,
24 ఏప్రిల్ 1990, మంగళవారం

తల్లీ జిలియన్,

ఇందాక ఫోనులో అరిచినందుకు క్షమించు. నా ఇంట్లో ఫోను లేదు, వీధి చివర బూత్ దాకా చెప్పులు లేకుండా పరిగెత్తాను. చేతికి దొరికిన చిల్లర ఒక్క నిమిషానికే సరిపోయింది. "కారు కదపకు, పిన్ను పెట్టు, పిన్ను పెట్టు" అన్నానే గానీ ఏ పిన్నో చెప్పానో లేదో గుర్తులేదు. నువ్వు "సరే పెదనాన్నా" అనడం మాత్రం విన్నాను. అప్పటికి గానీ ఊపిరి తీసుకోలేదు.

ఇప్పుడు సరిగ్గా చెప్తాను. ఆ రంధ్రం బరువు కోసం కాదు. అందులో స్ప్లిట్ పిన్ను పెట్టాలి. జడపిన్నులా రెండు కాళ్లుంటాయి దానికి. నట్టు గాట్లోంచి రంధ్రంలోకి తోసి, అవతల వచ్చిన రెండు కాళ్లనీ విడదీసి చెరో పక్కకీ వంచాలి. అది ఉంటే నట్టు ఊడదు. లేకపోతే అదురుకి కొద్దికొద్దిగా తిరుగుతూ కొన్నాళ్లకి పడిపోతుంది. అప్పుడు చేతిలో స్టీరింగు తిరుగుతుంది, చక్రం తిరగదు.

ముందు వేళ్లు కలిపి తోసి, తరవాత విడదీసి వంచడం. మీ నాన్న నెలరోజులుగా నీకు చెప్తున్నది అదే తల్లీ. అది తిట్టు అని నేననుకున్నాను. నువ్వు ఆ మంచం ముందు కూర్చుని పిన్ను లేకుండా స్టీరింగు బిగిస్తుంటే, నోరు లేని మనిషి ఎంత గింజుకుని ఉంటాడు!

నీ ఉత్తరం చదివి నా దగ్గరున్న పుస్తకం తీసి చూశాను. ముప్పై ఒకటో పేజీలో "నట్టు విప్పుము" అని ఉంది. దానికి ముందు "పిన్ను తీయుము" అని ఉండాలి. లేదు. ఎందుకు లేదో కూర్చుని ఆలోచిస్తే గుర్తొచ్చింది. ఆ రోజు చలి మరీ ఎక్కువగా ఉంది. నేను ఆలస్యంగా లేచాను. నా వేళ్లు కొంకర్లు పోకుండా పని తొందరగా తెమలాలని లెన్ ముందే షెడ్డుకెళ్లి, తుప్పుతో మొరాయించే పిన్నులన్నీ పీకి డబ్బాలో వేసి ఉంచాడు. నేను వచ్చేసరికి అక్కడ పిన్ను లేదు. కళ్లముందున్నదే రాశాను. మిగతావాళ్లంతా పని తెలిసినవాళ్లు, పుస్తకంలో లేకపోయినా పిన్ను వాళ్లే పెట్టుకుని ఉంటారు. డెనిస్‌కి మేకు కొట్టడం కూడా రాదు. వాడు నా పుస్తకాన్ని నమ్మాడు. చెప్పింది చెప్పినట్టు చేశాడు, ప్రతి వాక్యానికీ టిక్కు పెట్టాడు, ఆఖర్న నవ్వే బొమ్మ గీశాడు.

తుక్కులో ఒక నట్టు లేదంటే ఎవరు పట్టించుకుంటారు? ఖాళీ రంధ్రం చూసి సంగతి గ్రహించగలిగింది లెన్ ఒక్కడే. షెడ్డులోంచి ఆ పుస్తకం తీసుకెళ్లింది అందుకే. ఇన్నాళ్లూ నా రంధ్రాల వల్ల నన్ను అసహ్యించుకుంటున్నాడనుకున్నాను. కాదు, నా పుస్తకం వల్ల. ఇది ఇంకా ఘోరం.

ఈ కింది మాటలు మీ నాన్నకి చదువు.

లెన్, పిన్ను సంగతి తెలిసింది. నువ్వు నన్ను అసహ్యించుకోవడం న్యాయమే. నన్ను క్షమించమని అడగడానికి రావడం లేదు. నీ పక్కన కాసేపు కూర్చోవడానికి వస్తున్నాను. శుక్రవారం రైలు. నువ్వు మొహం అటు తిప్పుకున్నా కూర్చుంటాను. ఎంత వాదించినా మన ముగ్గురిలో మిగిలింది మనిద్దరమే కదరా.

శనివారం కారు మాత్రం నేను కళ్లారా చూశాకే కదలాలి.

నీ పెదనాన్న,
రోలండ్


కెండల్,
26 ఏప్రిల్ 1990, గురువారం

పెదనాన్నా,

నాన్న ఈ పొద్దున్న ఆరున్నరకి పోయాడు. మీ ఉత్తరం తొమ్మిదింటికి వచ్చింది.

రేపు మీరు రైలెక్కే లోపు ఇది అందదని తెలుసు. ఫోను లేని మనిషికి కబురెలా పంపాలో తెలీక క్రోమర్ పోలీసు స్టేషనుకి ఫోను చేశాను, ఒక కానిస్టేబుల్ వచ్చి చెప్తానన్నాడు. అయినా రాస్తున్నాను. చేతులు ఊరికే ఉండటం లేదు.

మంగళవారం మీ ఫోను పెట్టెయ్యగానే నాన్న దగ్గరికి పరిగెత్తి "పెదనాన్న పిన్ను పెట్టమంటున్నాడు, పిన్ను!" అన్నాను. నాన్న కళ్లు పెద్దవి చేసుకుని నన్నే చూశాడు. ఆ వేళ్ల సైగ చేసి "ఇదేనా?" అన్నాను. తల ఊపాడు. ఆయన పనిముట్ల పెట్టెలోంచి ఒక పిన్ను తెచ్చి చూపిస్తే ఎడమ చేత్తో తీసుకుని చాలాసేపు పట్టుకున్నాడు. కొట్టంలోకి వెళ్లి బిగించి వచ్చాను. వచ్చేసరికి ఏడుస్తున్నాడు. సంతోషమనుకున్నాను. "పెదనాన్నకి తెలిసిపోయింది నాన్నా, ఇంక బెంగలేదు" అన్నాను. అప్పుడు ఇంకా ఎక్కువ ఏడ్చాడు. ఆ తరవాత ఆ సైగ మళ్లీ చెయ్యలేదు. చెయ్యి దుప్పటి మీద పెట్టేసి గోడవైపు తిరిగి పడుకున్నాడు.

మీరు రాసిన మాటలు నాన్నకి చదవమన్నారు. చదివాను. అప్పటికి రెండున్నర గంటలైంది ఆయన పోయి. తలుపేసుకుని పక్కన కూర్చుని మొత్తం చదివాను. మిసెస్ ఆడీ బయట నుంచి "ఎవరితో మాట్లాడుతున్నావమ్మా?" అని అడిగింది.

రండి పెదనాన్నా. ఒక్కదాన్నే ఉన్నాను.

జిలియన్


క్రోమర్,
6 మే 1990

జిలియన్ తల్లీ,

ఇంటికి చేరాను. నువ్వు కట్టిచ్చిన శాండ్‌విచ్‌లు రైల్లో తిన్నాను. మిసెస్ ఆడీ చేసిన పై రొట్టె మాత్రం పీటర్‌బరోలో దిగినప్పుడు కుక్కకి పెట్టాను, అది కూడా ఆలోచించింది.

అంత్యక్రియల రోజు నీకు చెప్పని మాట ఒకటుంది. చెప్పే ధైర్యం చాలలేదు. కాగితం మీదైతే చెప్పగలనని ఇలా రాస్తున్నాను.

క్లబ్బువాళ్లు పదకొండు డన్లిన్ కార్లలో వచ్చారు కదా. అమ్మినవి ముప్పై ఎనిమిది, ఇంకా పదకొండు తిరుగుతున్నాయి. నువ్వు లోపల టీ పోస్తున్నప్పుడు లింకన్ నుంచి వచ్చిన హార్‌గ్రీవ్స్ అనే పెద్దమనిషి నన్ను పక్కకి పిలిచాడు. ఇరవై ఏళ్లుగా తెలిసినవాడే. ఏటా జూన్‌లో క్లబ్బువాళ్లు నన్ను పిలిచి పెద్ద కుర్చీ వేసి, కారు గురించి రెండు మాటలు చెప్పమంటారు. ఆయన ముందు వరసలో కూర్చుంటాడు. "ఇక దాచాల్సిన అవసరం లేదనుకుంటాను సార్" అని జేబులోంచి ఒక పాత కార్డు తీసి నా చేతిలో పెట్టాడు. మీ నాన్న రాత. తారీకు 3 నవంబరు 1966. ఉన్నదున్నట్టు రాస్తున్నాను:

"అయ్యా, మీ కారు స్టీరింగు నట్టుకి స్ప్లిట్ పిన్ను తప్పనిసరిగా ఉండాలి. వెంటనే చూసుకోండి, లేకపోతే కారు బయటికి తియ్యకండి. పుస్తకంలో ఆ వాక్యం లేకపోవడం నా తప్పు. రాసే రోజున ఆ పిన్ను నేనే ముందు పీకేసి, మా అన్నయ్యకి చెప్పలేదు. దానివల్ల మా తమ్ముడు పోయాడు. మా అన్నయ్యకి ఈ సంగతి తెలియదు. తన పుస్తకం వల్లే తమ్ముడు పోయాడని తెలిస్తే ఆయన తట్టుకోలేడు. నేను ఆయన ఎదుట ఉంటే ఏదో ఒక రోజు నోరు జారుతుంది, అందుకే ఊరు వదిలి వచ్చేశాను. దయచేసి ఎవరూ ఆయనకి చెప్పొద్దు. లెన్."

ముప్పై ఏడు మందికీ రాశాడట. ముప్పై ఏడు మందీ మాట నిలబెట్టుకున్నారు. చేతులు మారినప్పుడు కారుతోపాటు ఆ కార్డు కూడా ఇచ్చి, రోలండ్‌కి చెప్పకండి అని మాట తీసుకునేవారట. నేను పెద్ద కుర్చీలో కూర్చుని గొప్పలు పోతుంటే గదిలో ఉన్న ప్రతి ఒక్కరికీ తెలుసు. ఒక్కరు కూడా కళ్లతో అయినా బయటపెట్టలేదు.

నన్ను అసహ్యించుకున్నాడనుకున్నాను. నాకు తెలియకూడదని వెళ్లిపోయాడు. నేను ఇక్కడ నా రంధ్రాల్ని పట్టుకుని కుళ్లిపోతున్నానని వాడికి తెలీదు. నీ చేత నా ఉత్తరం చదివించుకున్నప్పుడు తెలిసింది. తల అడ్డంగా ఊపాడన్నావు, రంధ్రాలు కాదురా అని చెప్పాడు వాడు. నిజం చెప్పాలంటే పిన్ను సంగతి చెప్పాలి, చెప్తే నా పుస్తకమే కారణమని నాకు తెలిసిపోతుంది, చెప్పకపోతే నువ్వు చస్తావు. ఎన్ని రకాలుగా నలిగాడో!

మంగళవారం ఎందుకేడ్చాడో కూడా ఇప్పుడు అర్థమైంది. నువ్వు తప్పేమీ చెయ్యలేదు, నీకు తెలీదు. వాడు ఇరవై నాలుగేళ్లు కాపలా కాసిన సంగతి నేను ఫోన్ బూత్‌లోంచి అరిచి చెప్పాను. "పెదనాన్నకి తెలిసిపోయింది" అని నువ్వన్నావు. వాడు తన పని చెడిపోయిందనుకుని పోయాడు జిలియన్. నాకు ఫరవాలేదురా అని చెప్పడానికి రెండు రోజులు, ఒక్క రైలు చాలేది. ఏప్రిల్ ఒకటిన నీ మీద కోపం తెచ్చుకోకుండా ఆ రైలెక్కి ఉంటే చెప్పేవాణ్ణి. రెండు వేళ్లకి రోషపడి ఇంట్లో కూర్చున్నాను. దీనికి నేనేం చేసుకోవాలో నాకు తెలీడం లేదు. నా తమ్ముడు, వాడంత మంచివాడని తెలుసుకోకుండా నేను ముసలివాణ్ణయిపోయాను.

నువ్వొక పని చెయ్యి. డెనిస్ పుస్తకం నీ దగ్గరే ఉంచుకో. ముప్పై ఒకటో పేజీలో "నట్టు విప్పుము" అన్నదానికి పైన ఖాళీ ఉంది. అక్కడ ఈ వాక్యం నీ చేత్తో రాయి: "ముందుగా లెన్ పెట్టిన పిన్ను కాళ్లు నిటారుగా చేసి, మెల్లగా బయటికి తీయుము." దాని పక్కన టిక్కు పెట్టకు. అది డెనిస్ పెట్టాల్సింది, ఖాళీగానే ఉండనీ.

జూన్ రెండో శనివారం వస్తాను. కారు బయటికి తియ్యి. ఆ పక్క సీటు మీ నాన్నది. అందులో కూర్చోవడానికి నాకు అర్హత లేదు. కానీ నువ్వు ఒక్కదానివే నడపడం నేను చూడలేను, కాబట్టి కూర్చుంటాను.

రోలండ్ పెదనాన్న

ఉత్తరంతో పాటు కొత్త పిన్నులు రెండు పంపుతున్నాను. ఒకసారి వంచినదాన్ని మళ్లీ వాడకూడదు.